నూట ఎనభై ఏడో లింకు

తాడేపల్లిగూడెంలో దత్తాత్రేయులు మాస్టారి గడప ఎక్కేసరికి ఆ ఇంటి గోడగడియారంలో పదీ పది, ఖైరున్నీసా చేతి గడియారంలో పదీ పన్నెండు. ఏలూరు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఇరవయ్యారేళ్ళు ఆపరేటరుగా కూర్చున్న మనిషి ఆవిడ. రెండు గడియారాలు ఒకదాన్నొకటి కాదంటే చెప్పులో రాయి పడ్డట్టు ఉంటుంది. తన గడియారాన్నే నమ్మి, సంచిలోంచి చిన్న పుస్తకం తీసి రాసుకుంది: 14 జూన్ 2008, శనివారం, 10.12.

ముందుగానే పదవీ విరమణ తీసుకుని, ఇంటి ముందుగదికి ‘ప్రైవేటు పరిశోధన’ అని బోర్డు తగిలించి నాలుగేళ్ళయింది. వచ్చేవన్నీ పెళ్ళి సంబంధాల ఆరాలే. అబ్బాయి రోజుకి ఎన్ని సిగరెట్లు కాలుస్తాడు, అమ్మాయి జడలో ఎంత సొంతం, ఎంత సవరం. ఈ కేసు అలాంటిది కాదు. ఎనిమిది రోజుల కిందట మాస్టారు స్వయంగా ఏలూరు వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, “మా ప్రసూన ఉందో లేదో చెప్పండమ్మా. తీసుకురానక్కర్లేదు. ఉంటే ఒక్కసారి దూరంనుంచి చూపించండి చాలు” అన్నాడు. ఫీజు ఎంతని అడగడానికి కూడా ఆయనకి గొంతు మిగల్లేదు.

ప్రసూన ఆయనకి ఒక్కతే కూతురు. ఇరవై నాలుగేళ్ళు. పోయినేడు ఏప్రిల్లో, ఏలూరులో భర్తతో కాపురం ఉంటున్న ఇంట్లోంచి మాయమైంది. రెండో రోజున ఆవిడ చేతిసంచీ, చెప్పులూ కొల్లేటి గట్టు మీద దొరికాయి. మనిషి దొరకలేదు. అల్లుడు హర్షిత్ ఏలూరు ఉద్యోగం మానేసి, ఇక్కడ ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెబుతూ అత్తమామల దగ్గరే ఉండిపోయాడు. ఆగస్టులో భార్య పేరు మీద ఒక వెబ్‌సైటు పెట్టాడు. అందులో ఆవిడ ఫొటో, ఫోన్ నంబరు, మాస్టారి చేత రాయించిన నాలుగు వాక్యాలు. వీధిలో ఆడవాళ్ళందరూ ఆ అబ్బాయిని చూపించి తమ అల్లుళ్ళకి బుద్ధి చెబుతున్నారు.

ఆ కంప్యూటరు ఉన్నది ఒకప్పుడు ప్రసూన పడుకున్న గదిలో. ఖైరున్నీసా మంచం అంచున కూర్చుంది. హర్షిత్ కుర్చీ తిప్పుకుని ఎదురుగా కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. మెత్తటి గొంతు, చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కా.

“ఆఖరిసారి ఎప్పుడు చూశారు బాబూ?”

“ఏప్రిల్ పదకొండు, బుధవారం. నేను ఎనిమిదీ పదికి బయల్దేరానండీ. తను గుమ్మంలో నిలబడింది. సాయంత్రం ఐదున్నరకి వచ్చేసరికి తలుపుకి తాళం.”

“ఆవేళ కేరేజీలో ఏం కూర పెట్టింది?”

“గుర్తులేదండీ.”

“ఎనిమిదీ పది గుర్తుంది, కూర గుర్తులేదు. సరే. గొడవలేమైనా?”

“అబ్బే. తనకి మనసు బాగుండేది కాదండీ. ఊరికే భయపడుతుండేది.”

“ఎవర్ని చూసి?”

“ఎవర్నో చూసి అయితే అది జబ్బెందుకవుతుందండీ?” అని నవ్వాడు. జవాబు నున్నగా ఉంది. చాలాసార్లు చెప్పి అరగదీసినట్టుంది.

ఖైరున్నీసా బల్ల మీదున్న లావుపాటి ఫైలు వైపు చూపించింది. “ఈ లింకుల సంగతి నాకు అర్థమయ్యేట్టు చెప్పండి. నాకు తెలిసిన లైన్లు వేరు.”

ఆ మాటతో అతని మొహం వెలిగింది. “కొత్తగా పెట్టిన వెబ్‌సైటంటే చేల మధ్య కట్టిన ఇల్లనుకోండి. దారి ఉండదు. అక్కడ ఇల్లుందని ఎవరికీ తెలీదు. వేరే సైట్లవాళ్ళు తమ పేజీలో మన పేరు పెట్టి, దానిమీద నొక్కితే మన దగ్గరికి వచ్చేట్టు చేశారనుకోండి, అదొక దారి. దాన్నే లింకంటాం. ఎన్ని దారులొచ్చి కలిస్తే గూగుల్ మనది అంత పెద్దిల్లనుకుంటుంది. అప్పుడు ఎవరైనా తన పేరు కొడితే ముందు మన సైటే కనిపిస్తుంది.”

“ఎవరు కొడతారు?”

“తనే కొట్టచ్చు. మనిషన్నాక ఎప్పుడో ఒకరోజు తన పేరు తనే కొట్టి చూసుకోకుండా ఉండలేరండీ.”

ఖైరున్నీసా ఆ మాట పుస్తకంలో రాసుకుంది. “ఊరికే ఇస్తారా మరి, ఈ లింకులు?”

“ఊరికే ఎవరిస్తారండీ! మాది మీరు పెట్టండి, మీది మేం పెడతాం అని ఉత్తరాలు రాయాలి. కొందరికి మూడేసిసార్లు. పెట్టాక కూడా నెలనెలా చూసుకోవాలి, తీసేశారేమోనని.”

“మా ఎక్స్‌ఛేంజి ఆడవాళ్ళ పేరంటాల్లాగే ఉంది. మీరొస్తే మేమొస్తాం, లేకపోతే లేదు.”

గుమ్మంలోంచి మాస్టారు అందుకున్నాడు. “అంత మాట అనకండమ్మా. రెండొందల పన్నెండు మంది చోటిచ్చారు. అందరికీ నేనే కృతజ్ఞతలు రాస్తాను. చోటిచ్చినవాళ్ళకి ఓ మాట చెప్పకపోతే బాగుంటుందా? హర్షితే నాకు ఈమెయిలు పెట్టిచ్చి, కొట్టడం నేర్పాడు. ఒక్కవేలితో కొడతాను. పూటకి రెండు ఉత్తరాలవుతాయి.”

పదకొండింటికి హర్షిత్ లేచాడు. కాలేజీలో ప్రాక్టికల్స్ ఉన్నాయన్నాడు. “ఫైలంతా చూసుకోండి మేడమ్. దాచడానికి ఏముంది?” మోటారుసైకిలు గేటు దాటినప్పుడు ఖైరున్నీసా పుస్తకంలో రాసుకుంది: 11.05.

తర్వాత తలుపు దగ్గరగా వేసి గది చూసింది. బీరువా ఖాళీ. గోడకి కొట్టిన మేకు ఉంది, దానికి ఉండాల్సిన ఫొటో వెబ్‌సైటులోకి పోయింది. కంప్యూటరు మీద దుమ్ము లేదు. కిటికీ మీద ఉంది. ఈ గదిలో రోజూ కూర్చునే మనిషి పద్నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా కిటికీ తియ్యలేదు.

ఫైలు ఒళ్ళో పెట్టుకుంది. ఒక్కో కాయితంలో అయిదు గడులు. వరస నంబరు, తేదీ, సమయం, లింకు పెట్టిన పేజీ, ఎలా సంపాదించిందీ. రాత ముత్యాల్లా ఉంది. మొదటి మూడు కాయితాలు మామూలుగా చదివింది. నాలుగోది చదువుతూ మళ్ళీ మొదటికొచ్చింది.

సరిగ్గా అప్పుడే వీధిలో బూట్ల చప్పుడైంది.

“ఏమ్మా ఆపరేటరు గారూ! ఇంకా రాంగ్ నంబర్లేనా?”

వచ్చినవాడు ప్రసాదరావు. పోలీసు ఇన్‌స్పెక్టరుగా రిటైరై, ఏలూరులో ఖైరున్నీసా బోర్డుకి రెండు వీధుల అవతల అంతకు రెండింతల బోర్డు పెట్టుకున్నాడు. యూనిఫాం ఇచ్చేశాడు గానీ బెల్టు ఇవ్వలేదు. హర్షిత్ తరఫున ఈ కేసు చూస్తున్నది అతనే.

“మీరు పలికితేనే రాంగ్ నంబరు ప్రసాదరావుగారూ. కూర్చోండి.”

“కూర్చోడానికే వచ్చా. మీరేం అడిగితే అది చెప్పమన్నాడు ఆ కుర్రాడు. దేవుడండీ అతను. మీరు ఆ పెద్దాయనకి లేనిపోని ఆశలు పెట్టకండి. సంచీ దొరికింది, చెప్పులు దొరికాయి. కొల్లేట్లో గుర్రపుడెక్క కిందకి పోయింది పైకి రాదు. కేసు అయిపోయింది.”

“చెప్పులు ఎలా ఉన్నాయి?”

“ఎలా ఉంటాయి? గుడి బయట విడిచినట్టు పక్కపక్కనే ఉన్నాయి.”

“సంచీలో?”

“దువ్వెన, రుమాలు, కళ్ళజోడు డబ్బా.”

“డబ్బాలో?”

ప్రసాదరావు బెల్టు సర్దుకున్నాడు.

“డబ్బా ఖాళీ అని మీ రిపోర్టులోనే ఉంది, నేను చదివాను. అంటే ఆ పిల్ల చావడానికి వెళ్ళి, చెప్పులు విప్పి, సంచీ పక్కన పెట్టి, కళ్ళజోడు మాత్రం పెట్టుకుని దూకింది. నీళ్ళల్లో దారి కనపడాలి కదా పాపం.”

“జారిపడి ఉండచ్చు.”

“చెప్పులు విప్పి పెట్టి మరీ జారిందంటారు. ముప్పై ఏళ్ళు లాఠీ పట్టుకుని తిరిగారు, ఒక్కసారి కళ్ళజోడు పెట్టుకుని తిరగాల్సింది.”

“నోరు జాగ్రత్త. నాకున్న కాంటాక్టులు మీకు జన్మకి రావు. నేను ఒక్క ఫోను కొడితే...”

“కొడుదురుగాని. ముందు ఇది చూడండి.” ఆవిడ ఫైలు అతని వైపు తిప్పింది. “తప్పిపోయిన మనిషి కోసం మీరైతే ఎక్కడెక్కడ రాయిస్తారు?”

“పేపర్లలో. ఆస్పత్రుల్లో. పోలీసుల దగ్గర.”

“ఇందులో అలాంటివి పదకొండున్నాయి. మిగతావి చదవండి. ఆగస్టు. ఏడో నెల గర్భిణులు ఏం తినాలి. సెప్టెంబరు, కాళ్ళ వాపులు. నవంబరు, ఆడపిల్లల పేర్లు, మగపిల్లల పేర్లు. జనవరి, టీకాల పట్టిక. మార్చి, నిద్రపోని పసిపిల్లలు. మే, అన్నప్రాసన ముహూర్తాలు. జూన్, వస్తున్న పళ్ళు, పెట్టాల్సిన ఉగ్గు.” ఆవిడ గొంతు తగ్గింది. “నేను ఇద్దర్ని పెంచాను. ఈ వరస నాకు తెలుసు. ఈ కాయితాల్లో ఒక పసిబిడ్డ నెలనెలా పెరుగుతోంది ప్రసాదరావుగారూ.”

ప్రసాదరావు కాయితం మీదకి వంగాడు.

“మునిగిపోయిందని మీచేత అనిపిస్తున్నవాడు, ఏడు నెలల పిల్ల తల్లి ఎక్కడెక్కడికి వస్తుందో చూసి, అక్కడల్లా కాపు కాశాడు.”

గుమ్మంలో మాస్టారు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. ఆయన వెనక భార్య రాజ్యలక్ష్మి, చేతికి పిండి అంటుకుని ఉంది.

“పసిబిడ్డ ఏంటమ్మా?” అన్నాడాయన. “మా అమ్మాయికి అలాంటిదేమీ... ఉంటే హర్షిత్ చెప్పేవాడు కదా. ఏం రాజ్యం?”

రాజ్యలక్ష్మి చేతులు కొంగుకి తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

“రెండో నెలండీ అప్పటికి,” అంది ఖైరున్నీసాతోనే, భర్త వైపు చూడకుండా. “ఈ ఇంట్లో నాకొక్కదానికే ఫోనులో చెప్పింది. నాన్నగారితో చెప్పకమ్మా, చెబితే మూడోసారి కూడా బస్సెక్కించి ఆయనకి అప్పగించి వస్తారు అంది.”

“నేనా?”

“రెండుసార్లు వచ్చింది కదండీ మన దగ్గరికి. రెండుసార్లూ మీరే పక్కన కూర్చుని ఏలూరు దాకా తీసుకెళ్ళి దింపారు. సర్దుకోవాలమ్మా అన్నారు.”

“మొగుడూపెళ్ళాల మధ్య మాటామాటా వస్తుంది కదాని...”

“రెండోసారి మోచేతి వెనక కాలిన మచ్చ చూపించింది. ఇస్త్రీ చేసుకుంటూ కాల్చుకుందన్నాడు అల్లుడు. మీరు అవునేమో అన్నారు. మోచేతి వెనక ఎవరైనా ఇస్త్రీ చేసుకుంటారాండీ?”

మాస్టారు లెక్కల మాస్టారు. ముప్పై మూడేళ్ళు పిల్లల తప్పులు ఎర్రసిరాతో దిద్దినవాడు. ఆయన కళ్ళు ఆ కాయితం మీదే ఉండిపోయాయి.

“రోజూ నా కంట్లో మందు చుక్కలు వేసేది అతనే రాజ్యం,” అన్నాడు చివరికి. “చెయ్యి వణక్కుండా వేస్తాడు.”

రాజ్యలక్ష్మి ఖైరున్నీసా వైపు తిరిగింది. “పద్నాలుగు నెలలుగా నేను అతనికి వడ్డిస్తున్నాను. ఇక్కడ తింటున్నంతసేపూ దాన్ని వెతుక్కుంటూ వెళ్ళలేదు కదాని,” అంది.

ఖైరున్నీసాకి ఓదార్చడం చేతకాదు. చేతనయింది పని ఒక్కటే. కాయితాలు గబగబా తిప్పింది. చివరి గడిలో అన్నీ ఒకేలాంటి మాటలు: మూడు ఉత్తరాలు, బదులు లింకు ఇచ్చాం. రెండు ఉత్తరాలు, బదులు ఇచ్చాం. ఒక్క నూట ఎనభై ఏడో నంబరు దగ్గర ఎర్రగీత. పేజీ పేరు ‘ఉగ్గుగిన్నె’, రాసేవారి పేరు ‘వరమ్మ’. దాని ఎదురుగా: ‘మేం అడగలేదు. బదులూ కోరలేదు.’ పక్కన మార్జిన్‌లో పెన్సిలుతో సన్నగా మూడు తేదీలు, వాటి పక్కన సమయాలు. మే 24, 12.34. మే 31, 12.31. జూన్ 7, 12.36.

“ఇదేంటి మాస్టారూ?”

“అదా, బ్లాగండీ. పసిపిల్లల వంటలు. అల్లుడు మామూలుగా అందరికీ పెట్టినట్టే ఆవిడ రాతల కింద, వ్యాఖ్యల్లో మన లింకు పెట్టాడు. కొత్తవాళ్ళు సాధారణంగా తీసిపారేస్తారు. ఈవిడ తియ్యకపోగా పైకి తెచ్చి, ఎప్పటికీ ఉండేలా పక్కన పెట్టింది. ఎంత మంచి మనిషో! నేను కిందటి వారం గురువారం కృతజ్ఞతలు రాశాను. ఇంతమందిలో తిరిగి జవాబు రాసింది ఆవిడొక్కతే.”

“చూపించండి.”

ఆయన ఒక్కవేలితో కొట్టాడు. తెర మీద నాలుగు లైన్లు. జూన్ 7, మధ్యాహ్నం 12.52.

‘మాస్టారుగారికి నమస్కారం. కృతజ్ఞతలు చెప్పాల్సినంత పని నేనేం చెయ్యలేదు. మీరు అంతసేపు కంప్యూటరు ముందు కూర్చోకండి. కుడికంట్లో చుక్కలు రాత్రి ఎనిమిదింటికి మానకండి. మీ అమ్మాయి ఎక్కడున్నా మిమ్మల్ని తలుచుకుంటూనే ఉంటుంది.’

“మీ కళ్ళ సంగతి మీరు ఆవిడకి రాశారా?”

“చూపు సరిగ్గా ఆనదు, తప్పులుంటే మన్నించండి అని రాశానండీ.”

“కుడికన్నని రాశారా?”

మాస్టారు ఆలోచించాడు. “లేదు.”

“ఎనిమిదింటికని?”

ఆయన తెరకి మొహం దగ్గరగా తీసుకెళ్ళి ఆ నాలుగు లైన్లు మళ్ళీ చదివాడు. ఇంకోసారి చదివాడు. తర్వాత అరచెయ్యి తెర మీద పెట్టాడు, జ్వరం చూసినట్టు.

ఖైరున్నీసా అంచనా ప్రకారం, వరమ్మ పేరుతో రాస్తున్న ప్రసూన చెయ్యాల్సిన పని ఒకటే, మిగతావాళ్ళు చేసినట్టే ఆ లింకు తీసి అవతల పారెయ్యడం. తండ్రి రాసిన నాలుగు వాక్యాలు పారెయ్యడానికి చెయ్యి రాలేదు. తండ్రి చెయ్యాల్సింది ఊరుకోవడం. ఆయనకి ఊరుకోవడం మర్యాద అనిపించలేదు. ఖైరున్నీసా ఇంతకాలం విన్న కేసుల్లో మనుషులు దొరికిపోయేది అబద్ధాల వల్ల. వీళ్ళిద్దరూ మంచితనం వల్ల దొరికిపోతున్నారు.

“మాస్టారూ, మీ ఈమెయిలు పాస్‌వర్డు హర్షిత్‌కి తెలుసా?”

“అతనే కదమ్మా పెట్టింది.”

ప్రసాదరావు గొంతు సవరించుకున్నాడు. అప్పటిదాకా లేని చెమట బెల్టు పైన కనిపించింది.

“సోమవారం వచ్చాడండీ నా దగ్గరికి. మామగారికి ఎవరో ఆడపేరుతో ఆకతాయి ఉత్తరాలు రాస్తున్నారు, పెద్దాయన బాధపడుతున్నారు, ఎక్కణ్ణించో కనుక్కోండి అన్నాడు. ఉత్తరంతో పాటు ఏవో అంకెలు వస్తాయిట, అవి ఇచ్చాడు. నా కాంటాక్టు ఒకడున్నాడు.”

“ఎక్కడ?”

“ఆకివీడు. బస్టాండు పక్క నెట్ సెంటరు. ఇవాళ పొద్దున్న పావుతక్కువ పదికి అతనికి ఫోను చేసి చెప్పాను. నన్ను ఇక్కడికి రమ్మన్నదీ అందుకే అనుకుంటా. వెళ్ళి ఆవిడతో తీరిగ్గా మాట్లాడండి, ఒంటిగంట దాకా కదలనివ్వకండి అన్నాడు. నేను మీతో పోట్లాడ్డానికి సరదాపడ్డాను.”

“ప్రాక్టికల్స్ అన్నాడే!” అంది ఖైరున్నీసా.

“రెండో శనివారం కదండీ,” అంది రాజ్యలక్ష్మి. “కాలేజీ ఉండదు ఇవాళ.”

ఖైరున్నీసా తేదీ, వారం రెండూ తన చేత్తో రాసుకుని మరీ కూర్చుంది. ఎక్స్‌ఛేంజికి రెండో శనివారాలు లేవు. ఇరవయ్యారేళ్ళు పండగనాడు కూడా హెడ్‌ఫోను పెట్టుకున్న బుర్రకి ఆ సెలవు అసలు తట్టలేదు. తిట్టుకోడానికి టైము లేదు. పదకొండూ అయిదుకి బయల్దేరాడు. గణపవరం మీదుగా బండి మీద గంటంపావు. ఇప్పుడు పన్నెండూ పదిహేను. ఫైల్లో పెన్సిలు రాతల ప్రకారం ఆ పిల్ల శనివారం శనివారం అక్కడ కూర్చునేది పన్నెండున్నరకి.

“ఆ నెట్ సెంటరు ఫోను నంబరు?”

ప్రసాదరావు చీటీ తీసి ఇచ్చాడు. ఆవిడ హాల్లో ఫోను దగ్గరికి నడిచింది. వేళ్ళు వాటంతటవే పనిచేశాయి. మూడో రింగుకి ఎత్తారు.

“నెట్ సెంటరండీ.”

“బాబూ, శనివారం శనివారం పసిపాపతో వస్తారే, ఆవిడ వచ్చారా?”

“వరమ్మగారాండీ? ఇందాకే వచ్చారండీ, ఇవాళ పెందరాళే. మీరెవరండీ?”

“వాళ్ళ నాన్నగారు మాట్లాడతారు. ఒక్కసారి పిలవండి.”

రిసీవరు అరచేత్తో మూసి మాస్టారి వైపు తిరిగింది. “పది మాటలు. ఎక్కడుంటున్నావని అడక్కండి. ఏడవకండి. వెళ్ళిపొమ్మని చెప్పండి.”

ఆయన తలూపాడు. ఆవిడ తన చెవి కూడా రిసీవరు వెనక్కి ఆనించింది. పరాయివాళ్ళ మాటలు వినడం ఆవిడకి కొత్తేమీ కాదు. ఇలాంటివి వినడం కొత్త.

ముందు కుర్చీ జరిపిన చప్పుడు. తర్వాత ఊపిరి. ఆ ఊపిరికి బాగా దగ్గర్లో, ఏదో చప్పరిస్తూ చిన్న కూత.

“అమ్మా,” అన్నాడు మాస్టారు.

“నాన్నగారూ?”

“అతనికి తెలిసిపోయింది. నావల్లే. నేను రాసిన ఉత్తరం వల్లే. వస్తున్నాడు, వచ్చేసే ఉంటాడు. వెనక గుమ్మం ఉంటే అటు వెళ్ళిపో. ఆ ఊళ్ళో ఉండకు.” ఆయన గొంతు క్లాసులో చెప్పినట్టు నిలబడి ఉంది. “ఎక్కడికెళ్తావో నాకు చెప్పకు. ఎప్పుడూ చెప్పకు.”

“మూడోసారి పంపించేస్తున్నారు నాన్నగారూ,” అందా పిల్ల. ఆ మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

“అవునమ్మా.”

“పాపని చూడలేదు మీరు. దీని పేరు...”

“వద్దు.” ఆయన దాదాపు అరిచాడు. రాజ్యలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “పేరు చెప్పకు తల్లీ. నాకు తెలిస్తే ఎప్పుడో నిద్రలోనైనా పిలుస్తాను. అతను వింటే ఆ పేరుతో కూడా వెతుకుతాడు. నువ్వు వెళ్ళు. వెళ్ళు.”

అవతల రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. చెప్పుల చప్పుడు, పాప ఏడుపు, ఒక తలుపు. ఏడుపు దూరమైంది. మాస్టారు రిసీవరు చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు, మనవరాలి ఏడుపు చివరిదాకా వినాలని.

“పెట్టెయ్యండి మాస్టారూ,” అంది ఖైరున్నీసా. ఆయన పెట్టలేదు. ఆవిడ కూడా లాక్కోలేకపోయింది. ఆపరేటరుగా అలాంటి పొరపాటు ఆవిడ ఎప్పుడూ చెయ్యలేదు.

వైరులో మనుషుల మాటలు వినిపించాయి. నెట్ సెంటరతను ఎవరితోనో అంటున్నాడు: “ఇప్పటిదాకా ఇక్కడే ఉన్నారండీ. వాళ్ళ నాన్నగారట, ఫోను వచ్చింది. ఇంకా లైన్లోనే ఉన్నారు. మాట్లాడతారా?”

రిసీవరు ఎత్తిన చప్పుడు.

“మామయ్యగారూ,” అన్నాడు హర్షిత్. అదే మెత్తటి గొంతు. “మీరేనా? కుర్చీ ఇంకా వెచ్చగానే ఉందండీ. ఏం చెప్పారు తనకి?”

ప్రసాదరావు సెల్లు తీసి ఎవరికో గబగబా నొక్కుతున్నాడు. ఖైరున్నీసా ‘మాట్లాడకండి’ అని చేత్తో సైగ చేసింది. మాస్టారు ఆ చెయ్యి పక్కకి జరిపాడు. పద్నాలుగు నెలలుగా కొడుకులా చూసుకున్నవాడితో, కొడుకుతో మాట్లాడినట్టే మాట్లాడాడు.

“నేనే బాబూ. దానికేం చెప్పానో తర్వాత చెబుతాను. ఇంటికి రా. అటు వెళ్ళకు, ఇటే రా. నువ్వొచ్చేదాకా గుమ్మంలోనే కూర్చుంటాను.”

అవతల ఫోను పెట్టిన చప్పుడు లేదు. రిసీవరు వేలాడుతున్నట్టుంది, గోడకి తగిలి టక్కుటక్కుమంది. దాని వెనక మోటారుసైకిలు స్టార్టయింది. గేరు పడింది.

ఎటు తిరిగిందో వైరులో వినపడలేదు.